చలవ చేసే లైటు

మాది ఐసు వ్యాపారం. అల్లవరం నుంచి ఓడలరేవు వెళ్ళే రోడ్డు మీద, చేపల వ్యాన్లు ఆగే చోట, రేకుల షెడ్డులో ఉంటుంది మా ఫ్యాక్టరీ. చెరువులో రొయ్యలు పట్టే రోజున రైతులు నా చుట్టూ తిరుగుతారు, పట్టని రోజుల్లో నేను వాళ్ళ చుట్టూ తిరుగుతాను. అమ్మోనియా ఘాటు, ఉప్పునీళ్ళ తొట్టి, అందులో దింపిన ఇనపడబ్బాలు, కరెంటు పోతే గుండెదడ. చల్లదనం అంటే నాకు తెలిసింది ఇదే. ఒక్క ఐసు దిమ్మ తయారవ్వాలంటే ఎంత మోత మోగాలో, ఎన్ని తిట్లు తిట్టాలో నన్నడగండి చెబుతాను.

అలాంటి నాకు, వెలుతురు వేసి వస్తువుల్ని చల్లబరుస్తానంటూ చదువుకునే భార్య దొరికింది. సంబంధం చూసినప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మా ఆవిడది కొత్తపేట. అమలాపురంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పెళ్ళినాటికే ఉద్యోగం ఉంది. పెళ్ళైన కొన్నేళ్ళకి, పిల్లలు బళ్ళో పడ్డారు, కాపురం ఒక దారిన పడింది అని నేను కాళ్ళు చాపుకుని కూచున్న సమయంలో, పీహెచ్‌డీకి చేరానని చెప్పింది. దేని మీద అన్నాను. "గట్టి పదార్థాల్ని లేజరు లైటుతో చల్లబరచడం మీదండి" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ పూర్తి కాలేదు. అన్నం తినడానికీ నిద్రపోవడానికీ మధ్యమధ్యలో ఆపుతుంటాను.

వేసవికాలం కరెంటు పోయినప్పుడు నాకు మంచి అవకాశం దొరికేది. వాకిట్లో మడత మంచం మీద పడుకుని, "కాస్త ఆ టార్చిలైటు నా మీద వెయ్యవా, ఉక్కపోసి చస్తున్నాను" అనేవాణ్ణి. మా ఆవిడ కూడా తక్కువదేం కాదు. విసనకర్ర ఊపుకుంటూ, "మీకు పని చెయ్యదండి. మలినాలు ఎక్కువున్న పదార్థం ఎంత లైటు వేసినా చల్లబడదు" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. వాళ్ళు ఎప్పుడూ ఆవిడ పక్షమే.

నిజం చెప్పాలంటే, మలినాల సంగతి వేళాకోళం కాదు. ఆ చదువంతా దాని మీదే నిలబడి ఉంది. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. స్ఫటికం లాంటి ఒక రాయి ఉంటుంది. చూడ్డానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది, ఖరీదు మాత్రం మనం వినకూడదు. అందులో ఒక అరుదైన లోహం అణువులు అక్కడక్కడా కలిపి ఉంటాయి. సరిగ్గా తూచి ఎంచుకున్న రంగు లేజరు వేస్తే, ఆ అణువులు వెలుతుర్ని లోపలికి తీసుకుని మళ్ళీ బయటికి వదిలేస్తాయి. వదిలేటప్పుడు, తీసుకున్నదానికంటే కాస్త బలమైన వెలుతుర్ని వదులుతాయి. ఆ కాస్త బలం ఎక్కడిది? రాతిలో ఉన్న వేడిలోంచి తీసుకున్నది. అలా వెలుతురు వచ్చి పోతున్నకొద్దీ రాయి చల్లబడుతుంది.

ఇదంతా ఆవిడ మోటారుసైకిలు మీద నా వెనక కూచుని, అమలాపురం నుంచి ఇంటికొచ్చేదాకా చెవిలో చెప్పింది. ఇంటిదగ్గర బండి ఆపాక నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మా మేనత్త రాజోలు నుంచి వచ్చేటప్పుడు అరటిపళ్ళు నాలుగు చేతిలో పట్టుకొస్తుంది. వెళ్ళేటప్పుడు కొబ్బరికాయలు బస్తా, పెరట్లో కూరలు, ఊరగాయ జాడీ ఆటోలో వేసుకుని వెళ్తుంది. "అంటే లైటు మా మేనత్తన్నమాట" అన్నాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "లెక్క సరిపోయింది గానీ, ఆవిడ దగ్గర అనకండి" అంది.

ఇందులో తిరకాసు ఒకటే. వచ్చిన వెలుతురంతా తిరిగి వెళ్ళిపోవాలి. రాతి మీద గానీ లోపల గానీ పిసరంత మురికి ఉన్నా, అది వెలుతుర్ని మింగేసి, తిరిగి ఇవ్వకుండా వేడెక్కి కూచుంటుంది. చుట్టాలందరూ మర్యాదగా వెళ్ళిపోయినా ఒక్కడు మంచమెక్కి పడుకున్నాడంటే ఆ ఇంట్లో వేడి తగ్గదు. అందుకని మా ఆవిడకి శుభ్రత పట్టుకుంది. చేతికి తొడుగులు, మూతికి గుడ్డ, పట్టకారుతో తప్ప దేన్నీ ముట్టుకోకపోవడం. అందులో పదోవంతు మన వంటింటి మీద చూపిస్తే బాగుండునని మా అమ్మ నాతో అనేది, మా ఆవిడకి వినబడేంత గొంతుతో.

మా అమ్మ గురించి చెప్పాలి. మా ముత్తాతలు పరాయి పొలాల్లో ఊడ్పులు ఊడ్చినవాళ్ళు. మిషను బడి ధర్మమా అని తర్వాతి తరాలు పలక పట్టాయి. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరి తలుపు తట్టినా ఒక టీచరు బయటికొస్తుంది. నేనొక్కణ్ణే ఐసులో తేలాను. మా అమ్మ చిన్నబడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. రిటైరైనా ఆ గొంతు రిటైరవ్వలేదు. పాలవాడు కూడా మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడతాడు.

కోడలి చదువు మీద మా అమ్మకి రెండు అభ్యంతరాలు ఉండేవి. మొదటిది, చదువు ఉద్యోగం కోసం. ఉద్యోగం వచ్చాక చదవడం దేనికి? రెండోది ఇంకా గట్టిది. సూర్యుడు మనకి వెలుగూ వేడీ ఇస్తాడని ఆవిడ ఉద్యోగం చేసినంతకాలం పిల్లల చేత వల్లె వేయించింది. వెలుగున్న చోట వేడి ఉంటుందని దీపం బుడ్డి మీద చెయ్యి పెట్టించి మరీ చూపించింది. ఇప్పుడు కోడలొచ్చి లైటు వేస్తే చల్లబడుతుందంటే, ఆ పాఠం చెప్పినవాళ్ళ గతేం కాను? "అయితే నేను పిల్లలకి అబద్ధం చెప్పేనంటావా అమ్మా?" అని ఒకసారి సూటిగా అడిగింది. "అబ్బే, అలాక్కాదండి అత్తయ్యగారూ" అని మా ఆవిడ మొదలుపెట్టేలోపే, చేపల పులుసు అడుగంటుతోందని లోపలికెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ విషయం వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి అడుగంటేది.

ఇంకొకటుంది. మా అమ్మ నూనె. మా పెరటి కొబ్బరి ఎండబెట్టి గానుగాడించిన నూనె చిన్న సీసాలో పోసి, చర్చిలో ప్రార్థన చేయించి, బైబిలు పక్కన పెట్టుకుంటుంది. మా వీధిలో ఎవరు పెద్ద పని మీద బయల్దేరినా, ఆ పనికి సంబంధించిన వస్తువు పట్టుకొచ్చి మా అమ్మ అరచేతిలో పెట్టాలి. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఉంగరపు వేలితో దానిమీద నూనెతో సిలువ గీస్తుంది. పరీక్షలకెళ్ళే పిల్లల హాల్‌టికెట్లు, కొత్త బండి తాళాలు, నెలలు నిండినవాళ్ళ ఆసుపత్రి చీటీలు, గల్ఫు వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టులు. హిందువులు కూడా అమ్మవారికి మొక్కుకుని, దారేకదా అని మా ఇంట్లో కూడా ఓ సిలువ వేయించుకుని వెళ్తారు. రెండు సంతకాలుంటే మంచిదేగా. మస్కట్‌లో ఒక ఆఫీసరు మా పక్కింటతని పాస్‌పోర్టు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడట. మా ఫ్యాక్టరీ కంప్రెసరు మీద ఉన్న మరకల్లో ఏది మెషిను నూనో, ఏది మా అమ్మ నూనో మా ఆపరేటరు కూడా చెప్పలేడు.

అంతమందికి గీసిన సిలువ, మా ఆవిడ చదువుకి మాత్రం గియ్యలేదు. పరీక్షలని, సెమినార్లని, లేబని మా ఆవిడ ఎన్నోసార్లు బ్యాగు సర్దుకుని బయల్దేరింది. మా అమ్మ గుమ్మం దాకా వచ్చి "జాగ్రత్తమ్మా" అనేది. సీసా మూత తీసేది కాదు. జరగని పనికి ప్రార్థన చేసి దేవుడి టైము పాడుచెయ్యడం దేనికని అనుకుంటోందని నేను తేల్చేశాను. మా ఆవిడ పైకేమీ అనేది కాదు. ఒక్కసారి మాత్రం, బస్టాండులో నేను బ్యాగు అందిస్తుంటే, "బండి తాళానికి కూడా చేస్తారు కదండీ" అంది. నేనేదో హాస్యమాడాను. నవ్వకుండా బస్సెక్కింది.

అలా ఏళ్ళు గడిచాయి. పీహెచ్‌డీ అంటే ఐసు దిమ్మ కాదు కదా, పెట్టిన టైముకి గడ్డకట్టడానికి. ఒక రాయి తెప్పిస్తే లోపల పగులు. ఇంకో రాయి వస్తే అందులో ఇనుము కలిసింది. ఆమధ్య యూనివర్సిటీవాళ్ళు ఒకసారి గడువు పెంచారు, ఇంక పెంచేది లేదని కాగితం మీద రాసి మరీ చెప్పారు. ఆవిడకి చదువు చెప్పే ప్రొఫెసరుగారు రిటైరైపోతున్నారు. వేరే ఊళ్ళో ఉన్న పెద్ద లేబులో, పెద్ద లేజరు మీద, కొద్ది రోజులు పని చేసుకోడానికి ఆయన బతిమాలి అనుమతి తెచ్చారు. అక్కడ ఈ రాయి చల్లబడితే థీసిస్ అవుతుంది. చల్లబడకపోతే ఇన్నేళ్ళ చదువూ ఇంతే సంగతులు. నలభై దాటిన మనిషికి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టే ఓపిక ఎక్కడుంటుంది?

రాయిని సానపెట్టేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్నారు. కొరియరుకి ఇవ్వడానికి మనసొప్పక మా ఆవిడే స్వయంగా వెళ్ళి తెచ్చుకుంది. అక్కడే శుభ్రంగా కడిగించి, లెన్సులు తుడిచే మెత్తటి కాగితంలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చింది. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉండి, సోమవారం పొద్దున్నే లేబుకి బయల్దేరాలి. డబ్బా బీరువా మీద పెట్టి, "దీన్నెవరూ ముట్టుకోకండి" అని పిల్లలకీ నాకూ చెప్పింది. ముఖ్యంగా నాకు. మా అమ్మకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. కోడలి చదువు సామాన్లు మా అమ్మ ఏనాడూ ముట్టుకున్నది కాదు.

ఆ ప్రయాణానికి నేను కూడా వెళ్ళాను. వానలకి చెరువుల్లో పట్టుబడులు లేవు, ఫ్యాక్టరీ సగం ఖాళీగా ఉంది. సాయానికి వస్తున్నానని చెప్పాను గానీ, ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన లైటు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని నా ఆశ. రాజమండ్రిలో రైలెక్కాక కూడా డబ్బా ఉన్న బ్యాగు ఒళ్ళోంచి దించలేదు మా ఆవిడ. టీ తాగుతున్నప్పుడు నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. "గట్టిగా కాదండి" అంది. వదులుగా పట్టుకున్నాను. "అంత వదులుగానా" అంది. టీ మానేసి తనే పట్టుకుంది.

లేబులో నాకు పెద్ద ఆశాభంగం. చెప్పులు విప్పించి వేరే చెప్పులిచ్చారు. నల్లటి కళ్ళద్దాలు పెట్టారు. మహాదేవుడి దర్శనానికి సిద్ధం చేసినట్టు సిద్ధం చేసి, చివర్లో చెప్పారు, ఈ లేజరు కంటికి కనిపించదని. కనిపించనిదాన్ని చూడకుండా ఉండడానికి కళ్ళద్దాలట. "ఇంత దూరం తీసుకొచ్చింది చీకటి చూపించడానికా?" అని మా ఆవిడ చెవిలో అన్నాను. "ఆ తెర మీద గీత చూడండి. అది కిందికి దిగితే చల్లబడుతున్నట్టు" అంది. చెయ్యి చల్లగా ఉంది. నా మోచెయ్యి పట్టుకుని వదిలేసింది.

ప్రొఫెసరుగారు పెద్దాయన, మంచాయన. నన్ను బయటికి పొమ్మనకుండా మూలన ఒక స్టూలు వేయించారు. రాయిని పట్టకారుతో తీసి, సన్నటి గాజు పుల్లల మీద కూచోబెట్టి, ఇనప పీపాలో పెట్టి బిగించి, లోపలి గాలంతా తోడేశారు. మామూలుగా అయితే ముందు మైక్రోస్కోపులో చూసుకుంటారట. సానపట్టినచోటే కడిగి చుట్టింది కదా, ఉన్న టైము తక్కువ కదా అని ఈసారి చూడలేదు. లేజరు వేశారు.

గీత కదిలింది. పైకి.

మొదట్లో కాస్త పైకి వెళ్ళి తర్వాత దిగుతుందేమోనని చూశారు. దిగలేదు. బలం తగ్గించి వేశారు, రంగు కాస్త అటూ ఇటూ మార్చి వేశారు. గీత తన దారిన తాను పైకే పోయింది. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాతిలోపలే మలినం ఉందేమోనమ్మా" అన్నారు మెల్లిగా. అది లోపలిదైతే చేసేదేం లేదని ఆయన గొంతులోనే తెలిసిపోయింది.

మా ఆవిడ తెర వంకే చూస్తూ నిలబడింది. ఏడవలేదు. మా ఫ్యాక్టరీలో మెషిను ఆగిపోతే నేను చేసే గోలకి వీధి లేస్తుంది. ఆవిడ ఊరికే నిలబడింది. లైటు వేస్తే చల్లబడుతుందా అని ఇన్నేళ్ళు నవ్విన నాకు, ఆ గీత ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగాలని ప్రాణం కొట్టుకుపోయింది. హాస్యాలేవీ నోటికి రాలేదు.

"ఒకసారి బయటికి తీసి చూస్తానండి సార్" అంది చివరికి. పీపా విప్పి, రాయి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టుకుని వంగింది. వంగిన మనిషి లేవలేదు. చాలాసేపయ్యాక తల ఎత్తకుండానే, "ఏవండీ, ఇలా రండి" అని నన్ను పిలిచింది. ప్రొఫెసరుగారిని కాదు, నన్ను.

ఒక కన్ను మూసుకుని చూశాను. ముందు అంతా మసక. తర్వాత, అద్దంలా ఉన్న రాతి మీద, నూనె గీత కనిపించింది. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. వేడికి అక్కడక్కడా గోధుమరంగుకి తిరిగింది, చుట్టిన కాగితం నూగు అంటుకుని అంచులు అలుక్కుపోయాయి. అడ్డగీత కుడివైపు కాస్త పైకి లేచి ఉంది. మా కంప్రెసరు మీద ఏళ్ళ తరబడి చూస్తున్న సిలువ అది. వేలితో గీసింది మాత్రం కాదు. రాయి చిటికెనవేలి గోరంత ఉంటుంది, వేలు పట్టదు. ఏ సూది మొనో నూనెలో ముంచి, ఊపిరి బిగబట్టి గీసినట్టు సన్నగా ఉంది. సోమవారం పొద్దున్న మేం బ్యాగులు సర్దుకుంటుండగా బీరువా గదిలో మా అమ్మ ఒక్కతే ఉండడం, మేం వెళ్ళేసరికి ప్రార్థన చేసుకుంటోందనుకుని తలుపు దగ్గరగా వేసి వచ్చేయడం అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా ఎక్కడుందో అక్కడే, కాగితం ఏ మడతల్లో ఉందో ఆ మడతల్లోనే పెట్టింది. టీచరు కదా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడ ఫోను తీసి మా అమ్మ నంబరు నొక్కబోయాను. వీధిలో పాస్‌పోర్టులు చాలక, ఏళ్ళ తరబడి గియ్యని సిలువ ఇప్పుడే గియ్యాలా, ఇన్ని వస్తువులుండగా దీనిమీదే గియ్యాలా అని అడుగుదామని. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసేసుకుంది.

"అత్తయ్యగారు నాక్కూడా చేసేరండి" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు. గడువైపోతోంది, రాయి పాడైందో బాగుందో తెలీదు, ప్రొఫెసరుగారు అవతల కంగారుగా చూస్తున్నారు. ఈవిడేమో పరీక్ష పాసైన పిల్లలా నిలబడి ఉంది. "ఏంటమ్మా అది?" అని ప్రొఫెసరుగారు అడిగారు. "కొబ్బరినూనండి సార్" అంది. ఆయన వంగి చూశారు. చాలాసేపు చూసి, "మా అమ్మగారు విభూది పెట్టేవారమ్మా, నా మొదటి లెన్సుకి" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పైపైనే ఉంది కాబట్టి తుడిస్తే పోతుందన్నారు.

మెత్తటి కాగితం ముక్కని ఏదో స్పిరిటులో తడిపి మా ఆవిడ చేతికిచ్చారు. ఒక అంచు మీద పెట్టి మెల్లగా లాగితే చాలట, ఒక్కసారికే వస్తుందట. పట్టకారుతో కాగితం పట్టుకుని, రాతి మీదకి తెచ్చి ఆగిపోయింది. మళ్ళీ తెచ్చింది, మళ్ళీ ఆగింది. ఒకప్పుడు బస్టాండులో నాతో అన్న మాట నాకు గుర్తుంది. ఆవిడకి కావలసింది ఇన్నాళ్ళకి దొరికింది. దొరికినదాన్ని తన చేత్తో తుడిచెయ్యాలి. తుడవకపోతే చదువు పోతుంది.

"నేను తుడవనా?" అన్నాను.

"మీరా?" అంది. రైల్లో బ్యాగు పట్టుకున్న తీరు గుర్తొచ్చినట్టుంది, సన్నగా నవ్వింది. నవ్వుతూనే తుడిచేసింది. తుడిచిన కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా మడిచి పక్కన పెట్టింది.

మళ్ళీ పీపా, మళ్ళీ బిగింపు, మళ్ళీ గాలి తోడెయ్యడం. లోపల గాలి పోయేదాకా ఆగాలి, దానికే మధ్యాహ్నమైపోయింది. నేను స్టూలు మీద కూచుని, మా అమ్మ దేవుణ్ణి కాసేపు మొహమాటంగా పలకరించాను. నా మొహం ఆయన మర్చిపోయి ఉంటాడు, ఫ్యాక్టరీ కరెంటు కోసం తప్ప నేను ఎప్పుడూ అడగను. లేజరు వేశారు. గీత ఊగింది. కాస్త నిలకడగా నడిచింది. ఆ తర్వాత, తలొంచుకుని మెట్లు దిగుతున్న పిల్లలా, కిందికి దిగడం మొదలెట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రొఫెసరుగారు "ఆ, ఆ" అంటూ తల ఊపారు. మా ఆవిడ కుర్చీ లాక్కుని కూచుని అంకెలు రాసుకోవడం మొదలెట్టింది. నా ఐసు దిమ్మల లెక్కలో చూస్తే ఆ చల్లదనం ఒక గ్లాసు మజ్జిగక్కూడా సరిపోదు. ఆ మాట అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. గర్వంగా ఉంది నాకు. నా భార్య వెలుతురుతో ఒక రాతిని చల్లబరిచింది, నేను చూశాను. కళ్ళద్దాల్లోంచి ఏమీ కనబడలేదు గానీ చూశాను.

సాయంత్రం బయట మెట్ల మీదికొచ్చి మా ఆవిడ ఇంటికి ఫోను చేసింది. నేను కూడా వినాలని స్పీకరు పెట్టింది.

"అత్తయ్యగారూ, చల్లబడిందండి."

"లైటు వేస్తేనే?" అంది మా అమ్మ.

"ఆయ్. లైటు వేస్తేనేనండి."

"అయితే నేను పిల్లలకి చెప్పింది..."

"మీరు చెప్పింది తప్పు కాదండి. ఇలాంటి రాళ్ళు ఒకటీ అరా ఉంటాయి, వాటి సంగతే వేరు."

"హమ్మయ్య" అంది మా అమ్మ. చాలా ఏళ్ళ బరువు దించుకున్నట్టు అంది.

అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపెయ్యమని నేను చేతులు ఊపి, కళ్ళు ఉరిమి, నానా సైగలు చేశాను. మా ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు. "అత్తయ్యగారూ, మీరు రాసిన నూనె తుడిచేసేనండి. అదుంటే వేడెక్కిపోతోంది. తుడిచేకే చల్లబడింది" అని చెప్పేసింది.

అవతల మా పెరట్లో కోడి అరవడం వినిపించింది.

"తలకి రాసిన నూనె తలంటుకోమా ఏంటమ్మా" అంది మా అమ్మ కాసేపటికి. "తుడిస్తే మంచిదే. వేలు పట్టలేదు, సూదితో గీసేను. గీతలేం పళ్ళేదు కదా రాతికి?"

"లేదండి. ఏం కాలేదండి."

"అడక్కుండా ముట్టుకున్నాను. తప్పే. లైటు వేస్తే చల్లబడుతుందని నాకు నమ్మకం లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నాను. నువ్వు నెగ్గాలని మాత్రం ఉంటుంది కదా. వీధిలో అందరూ తెచ్చి నా చేతిలో పెడతారు. నువ్వు ఒక్కసారీ తేలేదు. సైన్సు చదివిన పిల్ల, ఇలాంటివి గిట్టవేమో, మీద పడి చెయ్యకూడదు అనుకునేదాన్ని. ఎప్పుడైనా అడుగుతావేమోనని సీసా అక్కడే పెట్టుకునేదాన్ని. మొన్న పొద్దున్న డబ్బా ఎదురుగా ఉంటే ఇంక మనసాగలేదు."

మా ఆవిడ ఏదో అనబోయి, ఫోను నా చేతిలో పెట్టేసి, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"ఏరా, ఏడుస్తోందా?" అంది మా అమ్మ.

"ఆయ్" అన్నాను.

"ఏడవనీ. నువ్వు మాత్రం హాస్యాలాడకు" అని ఫోను పెట్టేసింది.

నేనేమీ ఆడలేదు. పక్కన కూచున్నాను. కాంటీనతను వచ్చి టీ ఆఖరు, తాగుతారా అని అడిగేదాకా అలాగే కూచున్నాం.